కొత్తవలస అంటే ఏ కొత్తవలస? ఒక అంబులెన్స్ డిస్పాచర్ కేసు, మొదటి నుంచి

2022 సెప్టెంబరు, తెల్లవారుజామున 2:41. మా అంబులెన్స్ డెస్క్‌లో ఫోన్ ఎత్తింది కొత్తగా చేరిన పొందూరు అమ్మాయి. ఆమె ఒంటరిగా సీట్లో కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి ఆరో వారం. అవతల ఒక పెద్దాయన, ఆయాసపడుతూ మాట్లాడుతున్నాడు. "అమ్మా, మా గుంటడికి కడుపు నొప్పి, ఒకటే వాంతులు, బేగి బండి పంపండమ్మా." ఏ ఊరు తాతా అని అడిగింది. కొత్తవలస అన్నాడు. గుర్తు ఏమైనా చెప్పమంటే రామమందిరం కాడ అన్నాడు. పిల్లవాడి వయసు తొమ్మిదేళ్ళు. స్క్రీన్ మీద "కొత్తవలస" అని కొట్టగానే జాబితాలో మొదట వచ్చింది మండల కేంద్రమైన కొత్తవలస. విశాఖపట్నం వెళ్ళే దారిలో, రైల్వే జంక్షన్ ఉన్న ఊరు. దాన్నే నొక్కింది. 2:44కి దగ్గర్లో ఉన్న బండి కదిలింది. మూడు నిమిషాల్లో పని అయిపోయింది, గొంతు వణకలేదు, టైపింగ్‌లో తప్పు లేదు. కాగితం మీద చూస్తే మంచి ఫోన్ కాలే.

పిల్లవాడు ఉన్నది బొబ్బిలి వైపు ఒక చిన్న ఊళ్ళో. దాని పేరూ కొత్తవలసే. బండి వెళ్ళిన చోటికీ దానికీ దగ్గరదగ్గర 80 కిలోమీటర్లు.

నేను ఈ పనిలోకి 2008లో వచ్చాను. ఉమ్మడి రాష్ట్రం రోజులు, కాల్స్ అన్నీ హైదరాబాద్‌లో తీసుకునేవాళ్ళం. మొదట ఫోన్లు తీసుకునే కాల్ టేకర్‌ని, తర్వాత బళ్ళు పంపే డిస్పాచర్‌ని, తర్వాత షిఫ్ట్ లీడ్‌ని. అమ్మ ఆరోగ్యం బాగోక విజయనగరం వచ్చేశాక ఇక్కడే ఒక అంబులెన్స్ డెస్క్‌లో షిఫ్టులు చూస్తున్నాను, కొత్తవాళ్ళకి పని నేర్పుతున్నాను. ఏ సంస్థో రాయను, ఆ అమ్మాయి పేరూ రాయను. కానీ ఈ కేసు మొత్తం రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను, ఎందుకంటే "మేడమ్, డిస్పాచర్ అవ్వాలంటే ఏం చదవాలి" అని అడిగే పిల్లలకి నేను చెప్పాలనుకునేదంతా ఇందులోనే ఉంది.

ఆ రాత్రి నేను రణస్థలం దగ్గర హైవే మీద లారీ గుద్దిన కేసులో ఉన్నాను, రెండు బళ్ళు, ముగ్గురు గాయపడినవాళ్ళు. అది కాస్త సర్దుకుని 2:52కి ఇటు తిరిగేసరికి పైలట్, అంటే బండి డ్రైవరు, ఆమెతో మాట్లాడుతున్నాడు. "అమ్మా, ఊళ్ళోకి వచ్చాను, ఎవరూ ఎదురు రాలేదు, వాళ్ళ ఫోన్ కలవట్లేదు, ఇక్కడ ఏ రామమందిరం అనుకోవాలి" అంటున్నాడు. కడుపునొప్పితో ఉన్న పిల్లాడి ఇంటివాళ్ళు రోడ్డు మీదికి రాకపోవడం ఉండదు. మన పల్లెల్లో బండికి ఫోన్ చేశారంటే సగం వీధి టార్చిలైట్లు పట్టుకుని నిలబడుతుంది. ఆమెని ఒక్కటే అడిగాను, "ఏ మండలం?" అని. నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

తిరిగి ఫోన్ చేశాం. అందుబాటులో లేదు. మళ్ళీ చేశాం, లేదు. అది బటన్ ఫోన్, లొకేషన్ లింక్ పంపించే వీలు లేదు. అయిదు నిమిషాలు పట్టింది, 2:57కి పిల్లవాడి మేనమామ ఎత్తాడు. "బొబ్బిలి కాడండి బాబూ, ఎంతసేపటికి వస్తాదండి బండి" అన్నాడు. 2:59కి బొబ్బిలి వైపు ఉన్న బండి కదిలింది. ఆ ఫోన్ నేను పెట్టేయలేదు. పిల్లాడు రాత్రి ఎక్కడ పడుకున్నాడు అని అడిగాను. కింద, చాప మీద అన్నాడు. కళ్ళు పూర్తిగా తెరుస్తున్నాడా అంటే, "లేదండి, రెప్పలు వాలిపోతన్నాయి, నిద్రమత్తు అనుకుంటన్నాం" అన్నాడు. మాట? "మాట ముద్దముద్దగా వస్తన్నాది."

వరి పొలాల్లో నీళ్ళున్న కాలం, నేల మీద పడక, తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు. ఈ నాలుగూ ఒకచోట వినిపిస్తే కట్లపాము అనుకోవాలి, కాదని తేలేదాకా. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్ళని కాటేస్తుంది, కాటు దగ్గర నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. విషం నరాల మీద పనిచేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత గొంతు, తర్వాత ఊపిరి తీసే కండరాలు. ఇంట్లోవాళ్ళు అజీర్తి అనుకుని వాము నీళ్ళు పట్టిస్తూ ఉంటారు.

మేనమామకి చెప్పినవి ఇవే. నడిపించకండి. ఎత్తుకుని పరిగెత్తకండి, కదలకుండా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయకండి. ఎక్కడా తాడు కట్టకండి, కొయ్యకండి. ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ నాకు చెబుతూ ఉండండి. ఆయన అలాగే చెబుతూ కూర్చున్నాడు, "లేస్తన్నాదండి, లేస్తన్నాదండి" అని, బండి 3:24కి ఆ ఇంటి ముందు ఆగేదాకా. ఈలోపు పొందూరు అమ్మాయి, నేను చెప్పకుండానే, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి ఫోన్ చేసి పాముకాటు అనుమానం, తొమ్మిదేళ్ళ పిల్లాడు, విషానికి విరుగుడు ఇంజెక్షన్లు సిద్ధంగా ఉంచండి, ఊపిరి అందించాల్సి రావచ్చు అని చెప్పింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం నిలబెట్టుకుంది.

దారిలో పిల్లాడి ఊపిరి తగ్గింది, బండిలో వైద్య సాయం చేసే మా ఈఎంటీ చేత్తో నొక్కే బ్యాగ్‌తో ఊపిరి కొడుతూ తీసుకెళ్ళాడు. ఆసుపత్రిలో విరుగుడు మొదలుపెట్టి విశాఖ కేజీహెచ్‌కి పంపారు. అక్కడ వెంటిలేటర్ మీద ఉన్నాడు. తొమ్మిదో రోజు ఇంటికొచ్చాడు. బతికాడు కాబట్టే ఇది నేను రాయగలుగుతున్నాను. ఆ పదిహేను నిమిషాలకి పిల్లాడు దక్కకపోయి ఉంటే నా దగ్గర చెప్పడానికి మాట ఉండేది కాదు.

మర్నాడు అందరూ అడిగింది ఒకటే, తప్పెవరిది అని. ఆమెది అనడం చాలా తేలిక. నేను రికార్డింగ్ నాలుగుసార్లు విన్నాను. ఫోన్‌లో ఏమేం అడగాలో రాసి ఉండే మా కార్డు మీద ఉన్న ప్రశ్నలన్నీ ఆమె వరసలో అడిగింది. ఇలా వరసలో ప్రశ్నలు అడిగే పద్ధతి 1970ల చివర్లో అమెరికాలో, సాల్ట్ లేక్ సిటీలో జెఫ్ క్లాసన్ అనే డాక్టరు మొదలుపెట్టినది, ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఏదో ఒక రూపంలో వాడుతున్నారు, మా కార్డులూ ఆ పద్ధతివే. కానీ మా కార్డులో గ్రామం ఉంది, గుర్తు ఉంది, మండలం అనే గడి "అవసరమైతే" అని ఉంది. అవసరమో కాదో ఆరు వారాల పిల్లకి ఎలా తెలుస్తుంది? సాఫ్ట్‌వేర్ జాబితాలో పెద్ద ఊరు ముందొస్తుంది. పైగా ఆ ఏడాది ఏప్రిల్ 4నే కొత్త జిల్లాలు వచ్చాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి, పాలకొండ, సీతంపేట, సాలూరు, కురుపాం పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. జనం పాత జిల్లా పేరే చెబుతున్నారు, మా జాబితా సగం పాతది సగం కొత్తది. ఆ సమయంలో కాల్ తీసుకోవడమూ బండి పంపడమూ రెండూ ఒక్క కొత్తమనిషి మీద వదిలింది నేను. రాత్రిపూట మనుషులు తక్కువ అని వదిలాను. రిపోర్టులో ఆ వాక్యం నా పేరు పక్కనే రాశాను.

ఇక కడుపునొప్పి కార్డులో "నేల మీద పడుకున్నారా" అనే ప్రశ్నే లేదు. మన ప్రాంతంలో ఆ ప్రశ్న లేకుండా ఆ కార్డు ఎలా ఉందో, నేను ఇన్నేళ్ళు ఎలా చూసీచూడనట్టు ఉన్నానో.

మూడో రోజు ఆమె రాజీనామా కాగితంతో వచ్చింది. "అక్కా, నా వల్ల కాదు. ఫోన్ మోగితే గుండె జారిపోతోంది" అంది. డ్యూటీలో మేడమ్ అంటుంది, బయట అక్కా అంటుంది, ఆ రోజు డెస్క్ దగ్గరే అక్కా అంది. కాగితం తీసుకున్నాను గానీ పైకి పంపలేదు. రెండు రోజులు ఫోన్లు వద్దు, పక్కన కూర్చో చాలు అన్నాను. తర్వాత ఇద్దరం రికార్డింగ్ విన్నాం. మొదటిసారి వినేటప్పుడు ఒకటే గమనించమన్నాను, ఊరి గురించి ఆ పెద్దాయన ఏమేం చెప్పాడో రాయమన్నాను. రాసింది. ఆయన రెండో వాక్యంలోనే "సంతకి బొబ్బిలి ఎలిపోయి ఒచ్చీసినాం సాయంత్రం, అప్పుడు బాగానే ఉన్నాడు" అన్నాడు. అది ఊరెక్కడుందో చెప్పే మాట. ఆమె చెవికి అది పిల్లాడి ఆరోగ్యం గురించిన మాటగా వినపడింది, వదిలేసింది. పెన్ను పక్కనపెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచే ఆమె డిస్పాచర్ కావడం మొదలైంది అని నేను అనుకుంటాను.

బయటివాళ్ళు ఈ పని అంటే గట్టి గుండె, తీపి గొంతు, వేగంగా టైపు కొట్టడం అనుకుంటారు. ఇంటర్వ్యూల్లోనూ ఇవే చూస్తారు: డిగ్రీయో ఇంటరో, తెలుగు టైపింగ్, కాస్త హిందీ, ఇంగ్లీషు. ఇవన్నీ కావాలి, కాదనను. కానీ బండి చేరేది చిరునామాకి. పల్లెల్లో టవర్ లొకేషన్ కిలోమీటర్ల తేడా చూపిస్తుంది. 112 లాంటి పెద్ద వ్యవస్థలకి స్మార్ట్‌ఫోన్ నుంచి లొకేషన్ వచ్చే ఏర్పాటు ఉంది, అది గొప్ప సంగతి, కానీ తాతల చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లు. అప్పుడు మిగిలేది అడిగే మనిషి చెవి. భయంలో ఉన్న మనిషి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడు, తనకి ముఖ్యం అనుకున్నది చెబుతాడు. దాంట్లోంచి ఊరు ఏరుకోవాలి.

ఇందులో మా ప్రాంతం పిల్లలకి పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది, వాళ్ళకి అది ఆస్తని తెలియదు, పైగా సిగ్గుపడతారు. హైదరాబాద్‌లో నేను చేరిన కొత్తలో పక్క సీటు అబ్బాయి, వేరే జిల్లా వాడు, "గెడ్డ అవతల" అన్న మాటని "గడ్డ" అని విని రోగి వివరాల్లో గడ్డ, వాపు అని రాశాడు. గెడ్డ అంటే వాగు అని అతనికి తెలియదు, అతని తప్పు కాదు. మదుం దగ్గర అంటే కల్వర్టు దగ్గర అని, బేగి అంటే త్వరగా అని, గుంటడు అంటే మగపిల్లాడని, గుంట అంటే ఆడపిల్ల అని తెలిసిన చెవికి ఇరవై సెకన్లు మిగులుతాయి. నాకు అప్పట్లో యాస దిద్దుకోమని చెప్పేవాళ్ళు. దిద్దుకున్నాను కూడా, ఇప్పుడు బాధపడతాను. పొందూరు అమ్మాయికి మాత్రం మొదటి రోజే చెప్పాను, నీ మాట మార్చుకోకు, వాళ్ళు ఎలా మాట్లాడితే అలా మాట్లాడు, తాతని తాతా అను, అప్పని, అంటే అక్కని, అప్పా అను అని.

తర్వాతి మూడు నెలలు ఆమెకి నేను పెట్టిన పని ఇది. వారంలో రెండు రోజులు డెస్క్ వద్దు, బండిలో తిరుగు. పైలట్ పక్కన కూర్చుని ఏ రోడ్డు ఎక్కడ ఇరుకు, ఏ గేటు దగ్గర రైలు కోసం ఎంతసేపు ఆగాలి, ఏ ఊళ్ళోకి పెద్ద బండి తిరగదు అని చూడు. ఒడిశా ఎగువన వాన పడితే వంశధారకి ఇక్కడ మబ్బు లేకపోయినా వరదొస్తుంది, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారంటే కింద ఏ దారులు పోతాయో పైలట్లకి తెలుసు, డెస్క్‌కి తెలియదు. నాగావళి, సువర్ణముఖి సంగతీ అంతే. ఆమె ఒక రూళ్ళ నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ఒకే పేరున్న ఊళ్ళు రాయడం మొదలుపెట్టింది. కొత్తవలసలు, కొత్తూర్లు, లక్ష్మీపురాలు, రామచంద్రపురాలు. ఆమదాలవలస అంటే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నదా, రేగిడి ఆమదాలవలసా? ఫోన్ గరగరమంటే సీతంపేటా, సీతానగరమా? ప్రతి పేరు పక్కన విడదీసే ఒక ప్రశ్న. "ఏ మండలం" అంటే కొందరికి తెలియదు, ముఖ్యంగా కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిలకి. అందుకని "సంతకి ఎక్కడికెళ్తారు", "బస్సు ఎక్కడెక్కుతారు", "రేషన్ ఏ ఊళ్ళో ఇస్తారు" అని రాసుకుంది. సంత ప్రశ్న ఆ రికార్డింగ్ నుంచి వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు మా డెస్క్‌లో అది అందరూ అడిగే ప్రశ్న.

ఇచ్ఛాపురం, కంచిలి, మందస వైపు ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది. ఒడియాలో ఎక్కడ, ఎవరికి, ఊపిరి ఉందా, ఈ మూడు అడగడం నేర్చుకుంది, మా ఇచ్ఛాపురం పైలట్ దగ్గర. సీతంపేట కొండల మీది సవర భాష రెండు ముక్కలు పట్టుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. గుండె ఆగినవాళ్ళ ఇంటివాళ్ళకి ఫోన్‌లో ఛాతీ నొక్కించడం, నిమిషానికి 100 నుంచి 120, లెక్క తాను పైకి చెబుతూ. ఇది తలగడ మీద ఎన్ని వందలసార్లు చేయించానో.

ఒకటి మాత్రం నేర్పించడం చాలా కష్టమైంది. ఫోన్లు రాకపోవడం. తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న తెల్లవారకముందే పలాస దగ్గర తీరం దాటింది. అర్ధరాత్రి వరకు ఫోన్లు మోత. తర్వాత టవర్లు పోయాయి, కరెంటు పోయింది, ఉద్దానం నుంచి మా బోర్డు నిశ్శబ్దం అయిపోయింది. కొత్తవాళ్ళు హమ్మయ్య అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఆ ఊళ్ళలో డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్ళు ఎందరో ఉన్నారు, నెలలు నిండినవాళ్ళు ఉన్నారు, వాళ్ళెవరూ ఫోన్ చేయలేరు. అప్పుడు డిస్పాచర్ ఫోన్ కోసం కూర్చోకూడదు, ముందుగా తెలిసిన పేర్ల జాబితా పట్టుకుని బళ్ళని పంపాలి. ఆ జాబితా తుఫానుకి ముందే ఉండాలి. ఈ సంగతి ఆమెకి చెప్పినప్పుడు నోట్‌బుక్‌లో వెనక పేజీల నుంచి ఆ జాబితా మొదలుపెట్టింది, ఆశా కార్యకర్తల నంబర్లతో సహా.

2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు పలాస పాసింజరుని వెనక నుంచి గుద్దింది. అలాంటి ప్రమాదంలో ఫోన్ చేసేవాళ్ళు ప్రయాణికులు, తామెక్కడున్నారో వాళ్ళకే తెలియదు, చీకటి, రెండు స్టేషన్ల మధ్య. ఆ తర్వాత మేమిద్దరం కూర్చుని రైలు కార్డు మార్చాం. పట్టాల పక్కన కరెంటు తీగలు మోసే ప్రతి స్తంభానికీ ఒక నంబరు ప్లేటు ఉంటుంది, ఫోన్ లైటు వేసి అది చదవమని అడగాలి. రైల్వే వాళ్ళకి ఆ నంబరు చెబితే ఏ స్తంభం దగ్గరో దొరుకుతుంది. ఇంకోటి, పట్టాలకి ఏ పక్కన రోడ్డుంది అని అడగాలి. అది ఆమె ఆలోచన. బండి తప్పు పక్కకి చేరితే స్ట్రెచర్‌తో పట్టాలు దాటాలి.

జీతం గురించి దాచను. పెద్దది కాదు, ఎక్కువ ఉద్యోగాలు కాంట్రాక్టువే, రాత్రి షిఫ్టులు తప్పవు. వాళ్ళ నాన్న నేతపని మనిషి, పొందూరు ఖద్దరు. వాళ్ళ నాన్నమ్మ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంది. ఇంట్లో "రాత్రి డ్యూటీ పిల్లకి సంబంధాలెలా వస్తాయి" అని గొడవ. నేను వెళ్ళి మాట్లాడాను. వాళ్ళమ్మ నన్ను అడిగింది ఒకటే, "రాత్రి ఇంటికి బండిలో దింపుతారా" అని. దింపుతామని రాయించి ఇచ్చాకే ఒప్పుకుంది. సరైన ప్రశ్న అడిగింది ఆవిడ. ఈ పనిలోకి వచ్చే ఏ అమ్మాయైనా చేరే ముందు ఆ కాగితం తీసుకోవాలి. ఇంకోటి కూడా అడగాలి, చెడ్డ కాల్ తర్వాత అరగంట సీటు దిగే వీలుంటుందా అని. లేదంటే ఆ చోట చేరకండి. నేను చూసిన మంచి డిస్పాచర్లు ఈ పని వదిలేసింది జీతానికి కాదు, ఏడవడానికి టైం ఇవ్వక.

పెరిగే దారి ఉంది, సన్నగా ఉన్నా ఉంది. కాల్ టేకర్, డిస్పాచర్, షిఫ్ట్ లీడ్, ఆ తర్వాత రికార్డింగులు విని నాణ్యత చూసేవాళ్ళు, శిక్షణ ఇచ్చేవాళ్ళు. కొందరు మధ్యలో ఈఎంటీ కోర్సు చేసి బండెక్కుతారు, కొందరు ఆసుపత్రుల ఎమర్జెన్సీ డెస్కులకి వెళ్తారు. ఆమె రెండేళ్ళకి షిఫ్ట్ లీడ్ అయింది, ఇప్పుడు కొత్తవాళ్ళకి మొదటి వారం పాఠం ఆమే చెబుతుంది. ఆ రికార్డింగే వినిపిస్తుంది. పిల్లాడి ఇంటివాళ్ళని అడిగి, పేర్లు తీసేసి. తన గొంతు మాత్రం తీసేయలేదు. నేను వద్దన్నాను, వినలేదు.

రాజీనామా కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు.

నోట్‌బుక్ ఇప్పుడు మూడోది నడుస్తోంది, అట్ట ఊడిపోతే సూదీ దారంతో కుట్టింది. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళందరూ రాస్తారు. నిన్న పొద్దున షిఫ్ట్ తీసుకుంటూ చూస్తే చివరి పేజీలో ఎర్ర ఇంకుతో ఉంది: ఆ పిల్లాడి కొత్తవలసకి వెళ్ళే దారిలో గెడ్డ మీద మదుం ఒక పక్క కుంగింది, ఆటో పోతుంది, పెద్ద బండి పోదు, స్ట్రెచర్ రెండు వందల అడుగులు మోయాలి, ఇద్దరు మనుషుల్ని ముందే పిలిపించండి.